నీటికి రంగే సాక్షి

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ పట్టణాలు ఒకదాని తరువాత ఒకటి తగులుతాయి. సూర్యాపేటకు దక్షిణాన మిర్యాలగూడ ఉన్నది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లాగా ఏర్పడే వరకు ఈ మూడు పట్టణాలూ నల్లగొండ జిల్లాలోనివే. నేడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోనూ, మిర్యాలగూడ పాత జిల్లాలోనూ ఉన్నాయి. ఒకవైపు మూసీ నది, మరొకవైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతపు పొలాలను తడుపుతున్నాయి. కాలువ నీరు అందిన చోట వరి పండింది. వరి పండిన చోట రైసు మిల్లులు వెలిశాయి. కాలువ అందని మెట్ట గ్రామాలు మాత్రం చాలాకాలం బావులనూ, చేతిపంపులనూ, బోరుబావులనూ నమ్ముకొని బ్రతికాయి.

బోరుబావి నుండి తోడిన నీటిని గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే అది స్ఫటికంలా స్వచ్ఛంగా కనిపిస్తుంది. మట్టి లేదు, వాసన లేదు, రుచిలో దోషం లేదు. చెరువు నీటి కంటె అదే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆ నీటిలోనే ఎముకలను వంచగల పదార్థం కరిగి ఉండవచ్చును. కంటికి కనిపించని ఆ పదార్థం ఫ్లోరైడ్. దానిని కంటికి కనిపించేలా చేసే ఉపాయం రసాయన శాస్త్రం చేతిలో ఉన్నది. ఆ ఉపాయం పేరు వర్ణమాపన పరీక్ష. అనగా రంగును కొలిచి పదార్థాన్ని కొలవడం.

హాలోజనుల కుటుంబం

ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ - ఈ నాలుగు మూలకాలూ ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలోనివి. వీటిని హాలోజనులు అంటారు. లవణాలను పుట్టించేవి అని ఆ మాటకు అర్థం. నీటిలో ఇవి సాధారణంగా ఫ్లోరైడ్, క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్ అనే అయానుల రూపంలో ఉంటాయి. ఆ అయానులు వేటికీ రంగు లేదు. కనుక వాటి ఉనికిని తెలుసుకోవలెనంటే రంగునిచ్చే మరొక పదార్థాన్ని నీటిలో కలిపి, దానిలో కలిగే మార్పును గమనించవలసి ఉంటుంది.

ఈ కుటుంబ చరిత్రలో రంగుకు పెద్ద స్థానమే ఉన్నది. 1826లో ఫ్రాన్సు దేశంలోని మాంపెలియే నగరానికి చెందిన ఆంత్వాన్ జెరోమ్ బలార్ అనే యువ శాస్త్రవేత్త, ఉప్పుమడుల నుండి ఉప్పు తీయగా మిగిలిన ద్రవాన్ని పరిశీలించాడు. దానిలో క్లోరిన్ కలుపగానే పసుపు, నారింజ ఛాయలు గల రంగు పుట్టింది. ఆ రంగుకు కారణమైన పదార్థాన్ని అతడు విడదీసి, అది కొత్త మూలకమని నిరూపించాడు. దాని ఘాటైన వాసనను బట్టి బ్రోమిన్ అనే పేరు ఏర్పడింది. జర్మనీకి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వద్దకు అటువంటి ద్రవమే అంతకు ముందు వచ్చి ఉండినది. ఆయన దానిని పైపైన చూసి అయోడిన్ క్లోరైడ్ అని చీటీ అంటించి పక్కన పెట్టాడు. బలార్ ప్రకటన వెలువడిన తరువాత తన పొరపాటు గ్రహించి, ఆ సీసాను తన తప్పులకు గుర్తుగా దాచుకున్నాడని చెబుతారు. రంగు ఇద్దరి కళ్లకూ కనిపించింది. దానిని ప్రశ్నించినవాడికే మూలకం దక్కింది.

నీటిలోని బ్రోమైడ్‌ను నేటికీ రంగుతోనే పరీక్షిస్తున్నారు. నీటి నమూనాలో క్లోరమిన్-టి అనే పదార్థాన్ని కలిపితే బ్రోమైడ్ బ్రోమిన్‌గా మారుతుంది. ఆ బ్రోమిన్ ఫినాల్ రెడ్ అనే పసుపు రంగు ద్రావణంతో కలిసి దానిని ఊదా నీలంగా మారుస్తుంది. ఊదా ఎంత చిక్కగా ఉంటే బ్రోమైడ్ అంత ఎక్కువ. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది గనుక, సముద్రతీర ప్రాంతాల బావులలో ఉప్పునీరు చొరబడిందేమో తెలుసుకొనడానికి ఈ పరీక్ష ఉపయోగపడుతుంది. తాగునీటి ట్యాంకులో మిగిలిన క్లోరిన్‌ను పరీక్షించేటప్పుడు కూడా నీరు పసుపుగానో గులాబీగానో మారడాన్ని బట్టే సిబ్బంది నిర్ణయం తీసుకొంటారు.

సముద్రానికి దూరంగా, గ్రానైటు శిలల మీద నెలకొన్న నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాలలో ప్రజలను బాధించినది బ్రోమైడ్ కాదు. అదే కుటుంబానికి చెందిన ఫ్లోరైడ్. అందుచేత ఇక్కడి ప్రజలకు అత్యవసరమైన రంగు పరీక్ష ఫ్లోరైడ్ పరీక్షయే.

నల్లగొండ అనుభవం

నీటిలోని ఫ్లోరైడ్ వలన దంతాలు రంగు మారుతాయని ప్రపంచానికి తెలిసినది 1931లో. అమెరికాలోని కొన్ని ఊళ్లలో పిల్లల పళ్లపై గోధుమ రంగు మచ్చలు రావడం అప్పటికి ఎన్నో ఏళ్లుగా వైద్యులకు అంతుపట్టని విషయంగా ఉండినది. అర్కాన్సాస్ రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, అందులో ఫ్లోరైడ్ అధికంగా ఉన్నదని కనుగొన్నాడు.

మన దేశంలో ఈ వ్యాధి 1937లో శాస్త్రీయంగా నమోదయింది. అప్పటి మద్రాసు రాజధానిలో భాగమైన నెల్లూరు జిల్లా గ్రామాలలో వెన్ను బిగుసుకుపోయి, కీళ్లు వంగక బాధపడుతున్న రైతులను షార్ట్, ఆయన సహచరులు పరీక్షించి, అది తాగునీటిలోని ఫ్లోరైడ్ వలన కలిగిన వ్యాధి అని తేల్చారు. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక విషయాన్ని వెలుగులోకి తెచ్చారు. ఈ ప్రాంతపు యువకులలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యం కనిపిస్తున్నదని వారు లాన్సెట్ పత్రికలో వివరించారు.

ఫ్లోరైడ్ పని చేసే తీరు నిదానమైనది. శాశ్వత దంతాలు రూపుదిద్దుకొనే పసితనంలో ఫ్లోరైడ్ అధికంగా గల నీరు తాగితే, దంతాలపై తెల్లని సుద్ద గీతలు, ఆ తరువాత పసుపు, గోధుమ మచ్చలు ఏర్పడతాయి. ఆ మచ్చలు కడిగితే పోయేవి కావు. అదే నీటిని ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలలో పేరుకొని, కీళ్ల చుట్టూ ఉన్న తంతువులు కూడా గట్టిపడతాయి. మెడ తిప్పడం, నడుము వంచడం, కింద కూర్చొనడం క్రమంగా కష్టమవుతాయి. వంగిన ఎముకను తిరిగి నిటారు చేసే మందు లేదు. వ్యాధి ముదిరిన తరువాత చేయగలిగినది తక్కువ; నీరు తాగకముందే చేయగలిగినది ఎక్కువ. అందువలననే పరీక్షకు ఇంత ప్రాముఖ్యం.

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరొక నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి కూడా 1.5 మిల్లీగ్రాములే. అయితే స్థానిక వాతావరణాన్నీ, ప్రజలు తాగే నీటి పరిమాణాన్నీ దృష్టిలో ఉంచుకోవాలని ఆ సంస్థ హెచ్చరించింది. ఆ హెచ్చరికకు అర్థమున్నది. చల్లని దేశంలో రోజుకు రెండు లీటర్లు తాగేవానికి 1.5 మిల్లీగ్రాముల నీటి ద్వారా 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చేరుతుంది. వేసవి ఎండలో నాట్లు వేస్తూ, బస్తాలు మోస్తూ నాలుగు లీటర్లు తాగే శ్రామికునికి అదే నీటి ద్వారా 6 మిల్లీగ్రాములు చేరుతుంది. నీరు ఒకటే అయినా భారం రెట్టింపు.

నేలలో దాగిన మూలం

ఈ ఫ్లోరైడ్ ఏ కర్మాగారం నుండో వచ్చినది కాదు. నల్లగొండ ప్రాంతపు గ్రానైటు, నైస్ శిలలలో ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ వంటి ఖనిజాలు ఉన్నాయి. వాననీరు రాతి పగుళ్లలోనికి ఇంకి, అక్కడ ఏళ్ల తరబడి నిలిచి, ఆ ఖనిజాల నుండి ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. నీరు క్షార గుణం కలిగి, అందులో సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ మరింత కరుగుతుంది. కాల్షియం సమృద్ధిగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది. కోదాడకు దక్షిణాన హుజూర్‌నగర్, మేళ్లచెరువు ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి నేలలు ఉన్నాయి. ఉత్తరాన సూర్యాపేట వైపు గ్రానైటు నేలలున్నాయి. నేల మారితే నీటి గుణమూ మారుతుందనడానికి ఒక్క జిల్లాలోనే రెండు ఉదాహరణలు కనిపిస్తాయి.

అయితే నేలను చూసి నీటిని నిర్ణయించడం ప్రమాదకరం. ఒకే ఊరిలో బడి ఆవరణలోని చేతిపంపు నీరు మంచిది కావచ్చు. నాలుగు వీధుల అవతల ఉన్న బోరు నీరు పరిమితిని దాటి ఉండవచ్చు. రెండు బోర్ల లోతు వేరు, అవి తాకిన రాతి పగుళ్లు వేరు. పొరుగు బావి నీరు మంచిదైనంత మాత్రాన ఈ బావి నీరు మంచిదని చెప్పడానికి వీలులేదు. ప్రతి వనరునూ విడిగా పరీక్షించవలసినదే.

రంగు ఎలా మారుతుంది?

ఫ్లోరైడ్‌కు జిర్కోనియం అనే లోహమంటే మక్కువ ఎక్కువ. ఈ ఒక్క గుణమే పరీక్షకు పునాది. జిర్కోనియం అయానును అలిజరిన్ ఎస్ అనే రంజనంతో కలిపితే ఆమ్ల ద్రావణంలో ఎర్రని సంక్లిష్ట పదార్థం ఏర్పడుతుంది. అలిజరిన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఆమ్లంలో పసుపు రంగులో ఉంటుంది. జిర్కోనియంతో జతకట్టినప్పుడు ఎరుపెక్కుతుంది. ఇప్పుడు ఫ్లోరైడ్ గల నీటిని ఆ ఎర్రని ద్రావణంలో పోస్తే, ఫ్లోరైడ్ అయానులు రంజనం పట్టు నుండి జిర్కోనియంను లాగుకొంటాయి. ఆరు ఫ్లోరైడ్‌లు ఒక జిర్కోనియం చుట్టూ చేరి రంగులేని అయానుగా మారుతాయి. జంట వీడిన రంజనం మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. ఎరుపు ఎంత తగ్గితే నీటిలో ఫ్లోరైడ్ అంత ఎక్కువ.

1934లో శాంచిస్ అనే శాస్త్రవేత్త సహజ జలాలలోని ఫ్లోరైడ్‌ను ఈ జిర్కోనియం-అలిజరిన్ జంటతో కొలిచే పద్ధతిని ప్రకటించాడు. దీనికి యంత్రం అవసరం లేదు. తెలిసిన పరిమాణాలలో ఫ్లోరైడ్ గల ద్రావణాలను వరుసగా గొట్టాలలో నిలిపి, వాటి రంగులతో నీటి నమూనా రంగును పోల్చి చూస్తే చాలు. రంగు పూర్తిగా తేలడానికి సుమారు ఒక గంట వేచి ఉండాలి. గ్రామాలలో ఉపయోగించే క్షేత్ర పరీక్షా పెట్టెలలో అనేకం ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. పెట్టెలోని రంగుల పట్టీ ప్రక్కన పరీక్షా గొట్టాన్ని ఉంచి, ఏ గడికి దగ్గరగా ఉన్నదో చూస్తారు.

1958లో బెల్లాక్, షౌబో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అలిజరిన్‌కు బదులుగా స్పాడ్న్స్ అనే రంజనాన్ని ప్రవేశపెట్టారు. దీనిలో గంటసేపు వేచి ఉండనవసరం లేదు. చర్య దాదాపు వెంటనే ముగుస్తుంది. ఇక్కడ రంగు మార్పు కంటికి అంత స్పష్టంగా తెలియదు గనుక వర్ణమాపకం అనే యంత్రం కావాలి. 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని ద్రావణం గుండా పంపి, ద్రావణం ఎంత కాంతిని శోషించుకొన్నదో యంత్రం చూపుతుంది. ద్రావణంలో రంగు పదార్థం గాఢత పెరిగిన కొద్దీ శోషణ అదే నిష్పత్తిలో పెరుగుతుందని బీర్-లాంబర్ట్ నియమం చెబుతున్నది. చాలా పరీక్షలలో వెదకే పదార్థం పెరిగితే రంగు పెరుగుతుంది. ఫ్లోరైడ్ పరీక్షలో మాత్రం వెదకే పదార్థం పెరిగితే రంగు తగ్గుతుంది. విద్యార్థులు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన తేడా ఇదే.

ప్రయోగశాలలో పరీక్ష

పరీక్ష నమూనా సేకరణతోనే మొదలవుతుంది. చేతిపంపును కొంతసేపు కొట్టి, గొట్టంలో నిలువ ఉన్న నీరు పోయిన తరువాత నీటిని పట్టాలి. గాజు సీసా కంటె శుభ్రమైన ప్లాస్టిక్ సీసా మేలు. సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచి, నింపి, ఊరి పేరు, వనరు ఉన్న చోటు, తేదీ రాసిన చీటీ అంటించాలి. చీటీ లేని సీసాలోని నీరు ఎంత జాగ్రత్తగా పరీక్షించినా ఎవరికీ ఉపయోగపడదు.

తరువాత ప్రామాణిక ద్రావణాలు తయారు చేయాలి. 0.221 గ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను ఒక లీటరు స్వేదనజలంలో కరిగిస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ గల ద్రావణం లభిస్తుంది. సోడియం ఫ్లోరైడ్ అణుభారం 42, అందులో ఫ్లోరిన్ వాటా 19, కనుక 0.221 గ్రాములలో ఫ్లోరైడ్ 0.1 గ్రాము అవుతుంది. ఈ ద్రావణాన్ని పలుచన చేసి సున్న నుండి 1.4 మిల్లీగ్రాముల వరకు వేర్వేరు గాఢతలు గల ద్రావణాల వరుసను సిద్ధం చేస్తారు. ఒక్కొక్క దానిలో 50 మిల్లీలీటర్లు తీసుకొని, 10 మిల్లీలీటర్ల జిర్కోనియం-స్పాడ్న్స్ కారకాన్ని కలిపి శోషణను కొలుస్తారు. ఫ్లోరైడ్ గాఢతను అడ్డంగానూ, శోషణను నిలువుగానూ తీసుకొని గ్రాఫు గీస్తే కిందికి వాలే సరళరేఖ వస్తుంది. ఊరి నీటిని కూడా అదే విధంగా కొలిచి, వచ్చిన శోషణకు ఎదురుగా ఉన్న గాఢతను గ్రాఫులో చదువుకోవాలి. కారకంలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది గనుక నోటితో పిపెట్టు పీల్చరాదు.

కొలత ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. నమూనా నీటిని 10 మిల్లీలీటర్లు తీసుకొని, స్వేదనజలంతో 50 మిల్లీలీటర్లకు పలుచన చేసి పరీక్షించగా 0.8 అని వచ్చిందనుకొందాం. నీటిని అయిదు రెట్లు పలుచన చేసినందున అసలు విలువ 0.8 ను 5 తో గుణించగా వచ్చే 4 మిల్లీగ్రాములు. పలుచన చేసిన సంగతి మరచి 0.8 అనే రాస్తే, పరిమితికి రెండున్నర రెట్లకు పైగా ఫ్లోరైడ్ గల బోరు మంచి బోరుగా నమోదవుతుంది. మరొక ప్రమాదం కూడా ఉన్నది. అటువంటి నీటిని అసలు పలుచన చేయకుండా పరీక్షిస్తే, కారకంలోని జిర్కోనియం దాదాపు అంతా ఖర్చయిపోయి, రంగు మరింత తగ్గడానికి అవకాశం ఉండదు. అప్పుడు 4 ఉన్నా, 6 ఉన్నా యంత్రం చూపే తేడా స్వల్పం. గ్రాఫు చివరి అంచును తాకిన ప్రతి నమూనానూ పలుచన చేసి మళ్లీ పరీక్షించాలి.

రంగు తప్పుదారి పట్టించినప్పుడు

సాక్షి ఎంత నిజాయితీపరుడైనా ఇతరుల ప్రభావానికి లోనైతే సాక్ష్యం మారుతుంది. రంగు కూడా అంతే. నీటిలో ఫ్లోరైడ్‌తో పాటు ఉన్న ఇతర పదార్థాలు ఫలితాన్ని రెండు వైపులకూ లాగగలవు.

నీటి ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపిన తరువాత నమూనా పడితే, అందులో మిగిలిన క్లోరిన్ రంజనాన్ని వెలిసిపోయేలా చేస్తుంది. రంగు తగ్గినందున ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది. ప్రయోగశాలలో సోడియం ఆర్సెనైట్‌తో ముందుగా క్లోరిన్‌ను తొలగిస్తారు. అది విషపదార్థం కావడం చేత శిక్షణ పొందినవారే దానిని వాడాలి. ఎరువుల ద్వారా నీటిలో చేరిన ఫాస్ఫేటు కూడా ఇదే వైపు లాగుతుంది. ఫ్లోరైడ్ వలెనే ఫాస్ఫేటు కూడా జిర్కోనియంను పట్టుకొని రంగును తగ్గిస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ మంచి నీరు చెడ్డదిగా కనిపిస్తుంది. దాని వలన కలిగే నష్టం అనవసరమైన భయం, మరొకసారి పరీక్షించే శ్రమ.

అల్యూమినియం విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఫ్లోరైడ్‌ను తానే గట్టిగా పట్టుకొంటుంది. పట్టుబడిన ఫ్లోరైడ్ జిర్కోనియం వద్దకు పోలేదు. రంగు తగ్గదు. ఫలితం తక్కువగా వస్తుంది. నీటిలో ఫ్లోరైడ్ ఉన్నదే, తాగినవారి శరీరంలోనికి పోయేదే. కాని పరీక్ష మాత్రం లేదని చెబుతుంది. ఇక్కడ చెడ్డ నీరు మంచిదిగా కనిపిస్తుంది. భయం కంటె ఈ భరోసా ఎక్కువ ప్రమాదకరం.

ఈ విషయం నల్లగొండ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970ల దశకంలో ఫ్లోరైడ్‌ను తొలగించడానికి ఒక సులభమైన విధానాన్ని రూపొందించింది. ప్రపంచమంతటా దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తగిన పాళ్లలో కలిపి, మొదట వేగంగానూ తరువాత నెమ్మదిగానూ కలియబెడతారు. పటికలోని అల్యూమినియం మేఘాల వంటి తెల్లని తునకలుగా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను తనతో పాటు అడుగుకు తీసుకొనిపోతుంది. పైనున్న తేట నీటిని వడకట్టి వాడుకొంటారు. ఇంటిలో బకెట్టుతోనూ, ఊరికి పెద్ద తొట్టెతోనూ చేయవచ్చు. కలపవలసిన పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌నూ, క్షారతనూ బట్టి మారుతుంది. కనుక ముందుగా పరీక్షించనిదే మోతాదు నిర్ణయించడం సాధ్యం కాదు.

మోతాదు తప్పినా, తునకలు సరిగా దిగకపోయినా తేట నీటిలో కొంత అల్యూమినియం మిగిలిపోతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములకు మించరాదు; వేరొక వనరు లేనప్పుడు 0.2 వరకు అనుమతి. అల్యూమినియం మిగిలిన నీటిని రంగు పద్ధతిలో వెంటనే పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. అంటే శుద్ధి సరిగా జరగని నీరే శుద్ధి చక్కగా జరిగినట్లు కనిపించవచ్చు. స్పాడ్న్స్ పద్ధతిలో కారకం కలిపిన తరువాత కొంతసేపు ఆగితే అల్యూమినియం ప్రభావం తగ్గుతుంది. నమూనాను ముందుగా స్వేదనం చేసి ఫ్లోరైడ్‌ను విడదీస్తే ఫలితం మరింత నమ్మదగినదవుతుంది. 1966లో ఫ్రాంట్, రాస్ లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో రూపొందించిన ప్రత్యేక ఎలక్ట్రోడుకు రంగుతో పనిలేదు. దానితో కొలిచేటప్పుడు కలిపే ద్రావణం అల్యూమినియం పట్టు నుండి ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. అందువలన శుద్ధి చేసిన నీటిని, సందేహం కలిగించిన నమూనాలను ప్రయోగశాలలో ఎలక్ట్రోడుతో సరిచూడడం ఉత్తమం.

మరుగబెట్టినా పోనిది

నీటిని మరుగబెడితే దోషాలన్నీ పోతాయనే నమ్మకం ఇళ్లలో ఉన్నది. క్రిముల విషయంలో అది నిజమే. ఫ్లోరైడ్ ఆవిరి కాదు. ఒక లీటరు నీరు మరిగి ముప్పావు లీటరు అయితే, ఫ్లోరైడ్ అంతా ఆ ముప్పావు లీటరులోనే మిగిలి మరింత చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా, అతినీలలోహిత కిరణాల యంత్రంలో పంపినా అది పోదు. పటిక-సున్నం పద్ధతి, క్రియాశీల అల్యూమినా, ఆర్వో పొరల యంత్రం వంటి ప్రత్యేక విధానాలతోనే దానిని తొలగించవచ్చు. ఆ విధానాలు కూడా పనిచేస్తున్నంతకాలమే పనిచేస్తాయి. అల్యూమినా నిండిపోతుంది, ఆర్వో పొర పాతబడుతుంది. శుద్ధి చేసిన నీటిని కూడా అప్పుడప్పుడు పరీక్షించవలసిన అవసరం అందుకే కలుగుతున్నది.

ఫ్లోరైడ్ సమస్యకు మేలైన పరిష్కారం ఫ్లోరైడ్ లేని నీటిని తెచ్చుకోవడం. నదీ జలాలలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. వ్యాధి తీవ్రంగా ఉన్న నల్లగొండ జిల్లా పడమటి మండలాలు కృష్ణా జలాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. ఇంటింటికీ నదీ జలాలను అందించే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015 జూన్‌లో అదే జిల్లాలోని చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలో పథకం తొలి దశ ప్రారంభమయింది. కుళాయిలో నది నీరు వచ్చిన ఇంటిలో పుట్టిన బిడ్డకు, తాత తాగిన బావి నీటి బాధ తప్పే అవకాశం కలిగింది.

అయినా పరీక్ష పని ముగియలేదు. పైపు పగిలిన రోజున, కుళాయి రాని రోజున ఇంటివారు పాత బోరు వైపే పోతారు. పొలంలో పనిచేసేవారు పొలంలోని బోరు నీరే తాగుతారు. ఇటుక బట్టీల వద్ద, కోళ్ల ఫారాల వద్ద నివసించే కుటుంబాలకు దగ్గరలోని బోరే ఆధారం. ఆ బోర్లలోని ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. అది రాతిలోనే ఉన్నది. ఏ బోరు నీరు తాగవచ్చునో, ఏ బోరు నీరు పశువులకూ, పాత్రలు తోమడానికీ మాత్రమే వాడాలో ఊరి వారికి తెలియవలసి ఉన్నది. పరీక్ష ఫలితాన్ని కాగితం మీద రాసి కార్యాలయంలో దాచడం కంటె, చేతిపంపు గట్టు మీద అందరికీ కనిపించేలా రాయడం వలన ప్రయోజనం ఎక్కువ.

ఇందులో విద్యార్థుల పాత్ర

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి రసాయన శాస్త్ర ప్రయోగశాలలో లవణాలను గుర్తించడం నేర్చుకొంటాడు. సిల్వర్ నైట్రేట్ కలిపితే క్లోరైడ్ తెల్లని అవక్షేపాన్ని, బ్రోమైడ్ లేత పసుపు అవక్షేపాన్ని ఇస్తాయని అతనికి తెలుసు. అదే పరీక్షలో ఫ్లోరైడ్ అవక్షేపాన్ని ఇవ్వదు. సిల్వర్ ఫ్లోరైడ్ నీటిలో కరిగిపోతుంది. మార్కుల కోసం చదివిన ఈ చిన్న తేడా వెనుక ఒక జిల్లా పడిన కష్టం ఉన్నది. కుటుంబంలో మిగిలిన వారికి వర్తించిన పరీక్ష ఫ్లోరైడ్‌కు వర్తించకపోవడం వల్లనే జిర్కోనియం వంటి లోహాన్నీ, అలిజరిన్ వంటి రంజనాన్నీ వెదకవలసి వచ్చింది.

అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు తమ ఊరి నీటి నమూనాలను సేకరించి, క్షేత్ర పరీక్షా పెట్టెతో పరీక్షించి, పరిమితికి దగ్గరగా వచ్చిన వాటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపవచ్చును. రంగుల పట్టీలో రెండు గడుల మధ్య ఉన్న రంగును చూసి తొందరపడి మంచిదని తేల్చరాదు. చెడ్డదని ప్రచారమూ చేయరాదు. ఒకే నమూనాను ఇద్దరు వేర్వేరుగా చూసి, ఫలితాలు కలిస్తేనే రాయాలి. వానాకాలంలో పలుచబడిన నీరు వేసవిలో చిక్కబడవచ్చు గనుక రెండు కాలాలలోనూ పరీక్షించాలి.

పరీక్షా గొట్టంలో ఎరుపు పసుపుగా మారడం చూడడానికి చిన్న విషయంగా తోస్తుంది. ఆ మార్పును సకాలంలో గమనించిన ఊరిలో తల్లి బిందెను మరొక పంపు వద్దకు తీసుకొనిపోతుంది. గమనించని ఊరిలో అదే నీరు బిడ్డ దంతాల మీద, ఆ తరువాత ఎముకల మీద తన రంగును, తన రూపాన్ని రాస్తుంది. గొట్టంలోని మరకను కడిగివేయవచ్చు. శరీరంలో రాసిన దానిని చెరపడం ఎవరి తరమూ కాదు.